జాజ్‌మాస్టర్ రీఇష్యూ: చెక్కకు వంక లేదు, చూడాల్సింది ఇనుమునే

చెన్నై మౌంట్ రోడ్డు షాపుల్లో జాజ్‌మాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ రీఇష్యూని, అంటే పాత నమూనాను మళ్లీ తయారుచేసినదాన్ని, చేతికిచ్చినప్పుడు కళ్లు ముందు పెయింటు మీదికి పోతాయి. తర్వాత నెక్ బాడీలో కూర్చున్న చోట సందు ఉందా అని వేలితో తడుముతాం. ఈ రెంటిలోనూ ఇప్పటి గిటార్లకు వంక పెట్టడం కష్టం. కంప్యూటర్ మిషన్ మీద కోసిన చెక్క ఇండోనేషియాలో కోసినా అమెరికాలో కోసినా పెద్ద తేడా రావడం లేదు. తేడా వచ్చేదల్లా కుడిచేయి కింద ఉన్న ఇనుము దగ్గర: తీగలు ఆనే బ్రిడ్జ్, దాని వెనక తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే ట్రెమలో, వాటిని పట్టి ఉంచే అగ్గిపుల్ల తలంత స్క్రూలు.

అమెరికా కంపెనీ ఫెండర్ ఈ గిటార్‌ను 1958లో జాజ్ వాయించేవాళ్ల కోసం తెచ్చింది. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, కాలిఫోర్నియా సర్ఫ్ బృందాలు మాత్రం ఎగరేసుకుపోయాయి. 1980 ప్రాంతంలో తయారీ ఆగింది. ఆ దశాబ్దంలోనే జపాన్ నుంచి రీఇష్యూలు మొదలయ్యాయి. 1999లో అమెరికాలో 1962 నమూనా, 2022లో అమెరికన్ వింటేజ్ 2 వరుసలో 1966 నమూనా వచ్చాయి. తక్కువ ధరలో కావాలంటే ఫెండర్‌దే చౌక బ్రాండు స్క్వయర్‌లో క్లాసిక్ వైబ్ ఉంది. పాత కొలతలకు ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప అన్న లెక్క మీదే ఈ మార్కెట్ అంతా నడుస్తోంది. పేచీ ఆ లెక్కతోనే.

1958లో ఈ గిటార్‌కు వేసినవి లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన రేకు చుట్టిన) తీగలు. మూడో తీగ కూడా చుట్టు తీగే. బ్రిడ్జ్ ఆ బిగువును దృష్టిలో పెట్టుకుని చేసింది. రెండు కాళ్లు, ఒక్కో కాలి అడుగున మొనదేలిన స్క్రూ, ఆ మొన బాడీలో దించిన చిన్న లోహపు గిన్నెలో నిలబడుతుంది. ట్రెమలో ఆర్మ్ నొక్కితే తీగలతో పాటు బ్రిడ్జ్ కూడా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ కూర్చునే చిన్న ముక్క) మీద రాసుకోదు కాబట్టి శ్రుతి నిలుస్తుంది. ఆలోచన చాలా బాగుంది. చిక్కల్లా ట్రెమలో బ్రిడ్జ్‌కు చాలా దూరంగా ఉండటంతోనే. తీగ శాడిల్ మీద దాదాపు వంగకుండానే వెనక్కి పోతుంది, అంటే కిందికి నొక్కే బలం తక్కువ. దానికి ఈ రోజుల్లో అందరూ వేసే సన్నటి 9 లేదా 10 సెట్ (ఒకటో తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే ఉన్న బలం కూడా పోతుంది. గట్టిగా మీటితే ఆరో తీగ శాడిల్ గాడిలోంచి పక్క గాడిలోకి ఎగురుతుంది, బ్రిడ్జ్ జరజరమంటుంది. 2011లో రాక్ గిటారిస్టు జె మాస్కిస్ పేరుతో వచ్చిన స్క్వయర్ జాజ్‌మాస్టర్‌కు కంపెనీ తానే ఈ బ్రిడ్జ్ తీసేసి అడ్జస్టోమాటిక్ అనే స్థిరమైన బ్రిడ్జ్ పెట్టింది. అలా చేసినవాళ్లే ఖరీదైన రీఇష్యూల్లో పాత జబ్బును పాతదిగానే ఉంచడం నిజాయితీ అనిపించుకోవచ్చు. డబ్బు పెట్టి కొన్నవాడికి మాత్రం అది సుఖం కాదు.

దీనికి చవకైన మందు తీగలు మార్చడం. 11 సెట్ వేస్తే సగం గోల తగ్గుతుంది. మిగిలిన సగం నెక్ కోణంలో ఉంది. తీగలు పూర్తిగా వదులు చేసి, నెక్ వెనకున్న నాలుగు స్క్రూలు విప్పి, బాడీలో నెక్ కూర్చునే గుంటలో పికప్ (తీగ అదురును కరెంటుగా మార్చే కాయిల్) వైపు అంచున సన్నటి షిమ్, అంటే పలచటి ముక్క, పెట్టాలి. షిమ్‌గా పాత ఏటీఎం కార్డు ముక్క పెడితే దాని మందం 0.76 మిల్లీమీటర్లు. గుంట పొడవు సుమారు 70 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి బ్రిడ్జ్ దాకా దాదాపు 190. లెక్క కడితే బ్రిడ్జ్ దగ్గర రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల ఎత్తు కలిసొస్తుంది. నెక్ వెనక్కి వాలడంతో తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. అప్పుడు బ్రిడ్జ్‌ను అంత మేరా పైకి ఎత్తుకోవచ్చు, తీగ వంగే కోణం పెరుగుతుంది. కార్డు ముక్కతో ఒక ఇబ్బంది ఉంది. దాని ముందు ఖాళీ సందు మిగిలిపోతుంది. చెన్నై తేమలో కొన్ని నెలలకు నెక్ చివర ఆ సందు మీద పైకి వంగి, పదిహేనో ఫ్రెట్ దాటాక తీగ గీసుకోవడం మొదలవుతుంది. ఒక వైపు నుంచి రెండో వైపుకు పలచబడుతూ గుంటంతా నిండే చెక్క షిమ్ పెట్టుకుంటే ఆ బాధ లేదు. అర డిగ్రీ చాలు, మరీ అయితే ఒక డిగ్రీ.

షిమ్ పెట్టాక సెట్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఫింగర్‌బోర్డ్ రేడియస్ (బోర్డు అడ్డంగా ఎంత గుండ్రమో చెప్పే కొలత) 7.25 అంగుళాలైతే నెక్ వంపు (తీగకూ మధ్య ఫ్రెట్లకూ ఉండాల్సిన సందు) 0.3 మిల్లీమీటర్లు, పదిహేడో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగ 1.6. ఇంతకంటే దించితే పైఫ్రెట్లలో తీగను పక్కకు లాగి బెండ్ చేసినప్పుడు స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. ఆ గుండ్రటి బోర్డు లక్షణమే అది, ఫ్రెట్ల పనితనాన్ని తప్పుపట్టకూడదు. పాత కొలతల నెక్‌లో, ఆ వంపును సర్దే ట్రస్ రాడ్ నట్ నెక్ మడమలో ఉంటుంది. పావు చుట్టు తిప్పాలన్నా నెక్ ఊడదీయాల్సిందే. పగలంతా ఏసీ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల తేమ ఉండే ఊళ్లో ఈ పని ఏడాదికి రెండుసార్లయినా పడుతుంది. చెక్కలోని స్క్రూ రంధ్రాలు అరిగిపోకుండా ఒక చిట్కా ఉంది: స్క్రూను ముందు ఎడమకు మెల్లగా తిప్పాలి, పాత గాడిలోకి టక్కున దిగాక కుడికి బిగించాలి.

శాడిల్ కింద నలుపు రంగు గ్రబ్ (తల లేని) స్క్రూల సంగతి వేరు. వాయించే అదురుకు అవి వాటంతటవే తిరిగి దిగిపోతాయి, వారం తిరిగేసరికి ఒక తీగ ఎత్తు తగ్గుతుంది. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, అది లేకపోతే గోళ్ల రంగు చుక్క వేస్తే ఆగుతాయి. ఎర్రది వేయకండి, మళ్లీ ఊడదు. అమెరికా హార్డ్‌వేర్‌కు సాధారణంగా 0.050 అంగుళాల అలెన్ కీ పడుతుంది, అంటే 1.27 మిల్లీమీటర్లు. ఆసియా తయారీకి 1.5 మిల్లీమీటర్లది. మొదటిదాన్ని రెండోదాంట్లో పెట్టినా తిరిగినట్టే ఉంటుంది, కాసేపటికి రంధ్రం మూలలు అరిగి గుండ్రమవుతుంది. ఇక ఆ స్క్రూ బయటికి రావడం కల్ల. చాలాచోట్ల శాడిళ్లు పాడయ్యేది ఇలాగే, ఇనుము నాసిరకం కావడం వల్ల కాదు.

తుప్పు మాత్రం నాసిరకాన్ని బయటపెడుతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట ముందు చచ్చేవి ఈ నల్ల స్క్రూలే. జింక్ మిశ్రమం మీద పలచటి క్రోమ్ పూత ఉంటే తెల్లటి పొడి పొక్కుతుంది, ఉక్కయితే ఎర్రబారుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి టూత్‌పిక్ మొనతో కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క అంటిస్తే చాలు. నైట్రో (నైట్రోసెల్యులోజ్ లక్క) పూత ఉన్న గిటార్‌ను రబ్బరు తొడుగు స్టాండ్ మీద వదిలేస్తే పెయింటు కరిగి మచ్చ పడుతుంది. స్టాండ్‌కు పాత పంచె ముక్క చుట్టండి.

ఫింగర్‌బోర్డ్‌లో ఒక తమాషా ఉంది. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. చౌక మోడళ్లలో కనిపించే ఇండియన్ లారెల్ మన నల్లమద్ది. 2017లో రోజ్‌వుడ్ మీద సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలు వచ్చాక లారెల్ వాడకం పెరిగింది. తయారైపోయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చినా ఆ వాడకం పోలేదు. మన అడవుల చెట్లే విదేశీ రేటు కట్టుకుని తిరిగొస్తున్నాయన్నమాట. వాడకంలో నల్లమద్దికి పెద్దగా లోటు లేదు, కాస్త ఎక్కువ పొడిబారుతుంది.

రాజీ పడకూడనిది ఎలక్ట్రానిక్స్. జాజ్‌మాస్టర్ పికప్ వెడల్పుగా, పలచగా చుట్టిన కాయిల్. దానికి జతగా 1 మెగ్‌ఓమ్ పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే రెసిస్టర్లు) వేశారు. పాట్ విలువ తగ్గేకొద్దీ పై స్వరాలు భూమిలోకి ఎక్కువ కారిపోతాయి. 250 కిలోఓమ్ పాట్ పెట్టిన జాజ్‌మాస్టర్‌లో ఆ గలగల ఉండదు, ఆకారం ఒక్కటే మిగులుతుంది. కొన్ని చౌక మోడళ్లలో మూత తీస్తే లోపల గిబ్సన్ పీ-90 పికప్ తరహా నిర్మాణం కనిపిస్తుంది. అది చెడ్డ శబ్దం కాదు, వేరే గిటార్ శబ్దం. పాట్ విలువ మీటర్‌తో చూడాలంటే పికప్ వైరు విడదీశాకే చూడాలి. లేకపోతే మీటర్ పికప్ చుట్టలోని ఏడెనిమిది కిలోఓమ్‌లనే చూపిస్తుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో పాట్ కొనేవాళ్లు రెండు విషయాలు గమనించాలి. వెనక బీ అక్షరం ఉంటే అది లీనియర్, వాల్యూమ్‌కు ఏ అని ఉన్నది అడగండి. కాడ 6 మిల్లీమీటర్లదైతే అమెరికా నాబ్ దాని మీద వదులుగా ఆడుతుంది, అది పావు అంగుళం కాడ కోసం చేసింది.

ట్రెమలో కదలకుండా ఆపే లాక్ బటన్ కొన్ని చౌక మోడళ్లకు ఉండనే ఉండదు. ఉన్నవాటిలో పరీక్ష సులువు. శ్రుతి చేసి బటన్ జరపాలి. స్వరం కదిలితే ప్లేటు మధ్యలోని స్క్రూతో స్ప్రింగ్ బిగువు సర్దాలి. కుదిరితే, బటన్ వేసి ఉన్నప్పుడు వేదిక మీద ఒక తీగ తెగినా మిగతా అయిదూ శ్రుతి దరిదాపుల్లోనే నిలబడతాయి.

కాబట్టి పై ధర రీఇష్యూకు పెట్టే డబ్బుతో మధ్య ధరది, అసలు తరహా పికప్‌లున్నది కొని, మిగిలిన దాంట్లో కొంత మంచి బ్రిడ్జ్‌కు పెట్టడమే వాయించేవాళ్లకు లాభం. ఫెండర్ ముస్టాంగ్ గిటార్ తరహా బ్రిడ్జ్ తెప్పించుకునేవాళ్లు బోర్డు రేడియస్ 7.25 అంగుళాలా, 9.5 అంగుళాలా ముందే చూసుకోవాలి. ఆ శాడిళ్ల ఎత్తులు మారవు, తప్పుది వస్తే మధ్య తీగలు ఎప్పటికీ కుదరవు. కాళ్ల మందం, గిన్నెల మధ్య దూరం కూడా వెర్నియర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి. ఇక షాపులో వాయించి చూసినప్పుడు శబ్దం మరీ మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వస్తే గిటార్‌ను పక్కన పెట్టేయకండి. పై కొమ్ము దగ్గరున్న చిన్న స్లైడ్ స్విచ్ చేయి తగిలి రిథమ్ వైపు జరిగి ఉంటుంది, అక్కడ నెక్ పికప్ ఒక్కటే 50 కిలోఓమ్ టోన్ పాట్‌తో పలుకుతుంది. రెండో వైపు జరిపి మళ్లీ మీటి చూడండి.