7 మెగాహెర్ట్జ్‌లో ఎవరు పక్కకు జరగాలి?

సాయంత్రం హ్యామ్‌లు, అంటే లైసెన్సుతో సరదాగా రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, వాడే 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) డయల్‌ను 7.074 మెగాహెర్ట్జ్ మీదికి తెస్తే తేనెపట్టు కదిలినట్టు ఒకటే రొద. అది ఎఫ్‌టీ8. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ కలిసి 2017లో తెచ్చిన డిజిటల్ మోడ్, కంప్యూటర్లు రేడియో మీద చిన్న సందేశాలు మార్చుకునే పద్ధతి. 15 సెకన్లకోసారి వంతు మారుతుంది. ఒక్కో సిగ్నల్‌కు 50 హెర్ట్జ్ చాలు కాబట్టి మూడు కిలోహెర్ట్జ్‌ల జాగాలో డజన్ల స్టేషన్లు సర్దుకుంటాయి. ఆ కింద, 7.030 చుట్టుపక్కల, తక్కువ పవర్‌తో మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టే హ్యామ్‌లు కనిపిస్తారు. ఈ రెండు వర్గాల మధ్య గొడవ ఎప్పుడూ ఒకటే: నా సిగ్నల్ మీదికి నువ్వొచ్చావంటే, నా సిగ్నల్ మీదికి నువ్వొచ్చావని.

మోర్స్ వాళ్ల మర్యాద వినడంతో మొదలవుతుంది. ఫ్రీక్వెన్సీ నిశ్శబ్దంగా అనిపించినా ముందు 'క్యూఆర్ఎల్?' అని కొడతారు, ఎవరైనా వాడుతున్నారా అని. వాడుతుంటే అవతలి నుంచి జవాబొస్తుంది, అడిగినవాడు తప్పుకుంటాడు. డిజిటల్ వైపు ఈ ప్రశ్న వినిపించదు. స్పీకర్ కట్టేసి ఉంటుంది. సిగ్నల్స్‌ను గీతలుగా చూపే వాటర్‌ఫాల్ తెర మీద ఆ మోర్స్ తెగితెగి పడే సన్నని గీతలా కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ డీకోడ్ చేసి అక్షరాలుగా చూపే వరుసల్లో మాత్రం ఏమీ రాదు. ఏమీ రాలేదంటే ఖాళీ అనుకుని మౌస్ నొక్కేస్తారు. కావాలని చేసే మొరటుతనం కాదిది, సాఫ్ట్‌వేర్ తన భాష తప్ప ఇంకోటి వినకపోవడం. అమెరికాలో 2007 నుంచి ఏ లైసెన్సుకూ మోర్స్ పరీక్ష లేదు, మన దేశంలో కింది స్థాయి లైసెన్సైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కూ లేదు. ఆ గీత ఏమడుగుతోందో తెలియనివాళ్లు ఇక పెరుగుతూనే ఉంటారు.

అలాగని మోర్స్ వాళ్లు పత్తిత్తులేం కాదు. అమెరికా నిబంధనల్లో మోర్స్‌ను దాదాపు హ్యామ్ బ్యాండ్లన్నిటా వాడొచ్చు. అది చూపించి 7.075 మీద సీక్యూ (ఎవరైనా పలుకుతారా అన్న పిలుపు) కొట్టేవాళ్లున్నారు. చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ వంద వాట్ల మోర్స్ సిగ్నల్ ఒకటి ఆ జాగా మధ్యలో పడితే దగ్గర్లోని రిసీవర్లు గెయిన్ (సిగ్నల్‌ను పెంచే పాలు) తగ్గించేసుకుంటాయి, బలహీనమైన సిగ్నల్స్ గల్లంతవుతాయి. ఏ ఫ్రీక్వెన్సీ ఎవరి సొత్తూ కాదని, సర్దుకుని వాడుకోమని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి.

నా లెక్క ఒకటే, తేలిగ్గా కదలగలిగినవాళ్లు కదలాలి. 7.074 వదిలిపోతే ఎఫ్‌టీ8 వాడికి పలికే దిక్కుండదు, మోర్స్ వాడికి డయల్ రెండు మూడు కిలోహెర్ట్జ్‌లు తిప్పితే సరిపోతుంది. అందుకని ఆ మూడు కిలోహెర్ట్జ్‌ల జోలికి మోర్స్ వెళ్లకూడదు. ఆ జాగా దాటి కిందికి దిగే డిజిటల్ స్టేషన్‌కు మాత్రం ఈ వాదన పనికిరాదు. అరుదైన దీవుల నుంచి పనిచేసే బృందాలు ఎఫ్‌టీ8 కోసం 7.056 లాంటి చోటు ఎంచుకున్నప్పుడు, అక్కడ ముందే ఎవరున్నారో చెవులతో విని తెలుసుకోవాల్సిన బాధ్యత వాళ్లదే.

చెవులతో వినకుండా ఫ్రీక్వెన్సీల పట్టిక చూసి అంకె ఎంచుకుంటే ఎలా ఉంటుందో 7.0475 చెబుతుంది. అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ నడిపే డబ్ల్యూ1ఏడబ్ల్యూ స్టేషన్ మోర్స్ పాఠాలు ప్రసారం చేసేది అక్కడే. 2019లో వచ్చిన ఎఫ్‌టీ4 అనే ఇంకో డిజిటల్ మోడ్‌కు 40 మీటర్లలో పెట్టిన డయల్ అంకే అదే. అప్పర్ సైడ్‌బ్యాండ్ (సిగ్నల్ డయల్ అంకెకు పై వైపే పడే పద్ధతి) కావడంతో ఎఫ్‌టీ4 సిగ్నల్స్ కాస్త పైన మొదలవుతాయి కాబట్టి నేరుగా ఢీకొనవు. గోడ మాత్రం ఒకటే.

మనిషి లేకుండా నడిచే స్టేషన్లది వేరే సంగతి. టేలర్ బృందం తమ ప్రోగ్రామ్‌లో వాచ్‌డాగ్ పెట్టింది, ఆపరేటర్ కాసేపు ముట్టుకోకపోతే ట్రాన్స్‌మిషన్ ఆగిపోతుంది. దాన్ని తీసేసి రాత్రంతా రోబోలా వదిలేసేవాడితో మర్యాద గురించి మాట్లాడి లాభం లేదు, వినడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇక నవంబర్ చివర్లో పెద్ద మోర్స్ పోటీ జరిగే శని, ఆదివారాల్లో ఏ సరిహద్దూ నిలవదు. పోటీ వాళ్లు 7.070 దాటి పైకి పాకుతారు, ఎఫ్‌టీ8 వాళ్లు తిట్టుకుంటారు. ఆ రెండు రోజులూ 10.136కు మారిపోవడం నయం. 30 మీటర్లలో పోటీలు పెట్టరు.