తనిఖీ గారికి స్క్రాపు కుప్ప చిరునామా

మహారాజశ్రీ ప్రభుత్వ తనిఖీ గారి సముఖమునకు, సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల సర్కారీ ఐటీఐ, పాలిటెక్నిక్ వర్క్‌షాపులవాళ్లం నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. రిజిస్టర్లు మరీ క్షేమం. అన్నిటికీ అట్టలు వేశాం, పేజీలకు నంబర్లు వేశాం, మొదటి పుటలో "ఈ పుస్తకమున ఇన్ని పుటలు కలవు" అని రాసి సంతకం చేయించాం. ఇనుముని తిప్పుతూ కోసే లేత్ మిషన్లకు అంత సేవ జరగలేదు. తమరు వాటిని పలకరించరు గనుక అవీ ఏమీ అనుకోవు.

తమరి బంధుబలగం పెద్దది. ఐటీఐలో ట్రేడుకీ (ఫిట్టరు, వెల్డరు లాంటివి) యూనిట్‌కీ (ఒక బ్యాచ్) గుర్తింపు ఇచ్చేది ఢిల్లీలోని శిక్షణ డైరెక్టరేటు, డీజీటీ. 2018 డిసెంబరులో నోటిఫై అయిన వృత్తి విద్యా మండలి, ఎన్‌సీవీఈటీ, ఇంకో పెద్ద ముత్తైదువ. పోస్టులూ బదిలీలూ రాష్ట్ర శాఖవి. పాలిటెక్నిక్‌కైతే అనుమతి ఢిల్లీ సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈది, సిలబసూ పరీక్షా రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు ఎస్‌బీటీఈటీవి, మాస్టార్లు సాంకేతిక విద్యాశాఖవారు. ఎవరి పోర్టల్ వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. ఒకే లెక్కను ఒకరికి ఎక్సెల్లో, ఒకరికి సంతకంతో పీడీఎఫ్‌లో, ఇంకొకరికి అక్షాంశ రేఖాంశాలున్న ఫొటోలో పంపాలి. ఆ పంపే మనిషి ఎవరంటే, ఆ గంటలో పిల్లలకి ఆకురాయితో ఇనుము అరగదీయడం నేర్పాల్సిన ఇన్‌స్ట్రక్టరే. అందరూ "ఎన్ని ఉన్నాయి" అని అడుగుతారు. "తిరుగుతోందా?" అని అడిగే చుట్టం ఇంతమందిలో ఒక్కరూ లేకపోయారు.

పాడి ఆవుని కొనడానికొచ్చి, కొమ్ములు రెండున్నాయని రాసుకుని వెళ్లిపోయే బేరగాడు మావైపు సంతల్లో కనపడడు. తమరి ప్రొఫార్మాలో మాత్రం సెంటర్ లేత్‌లు కావలసినవి ఇన్ని, ఉన్నవి ఇన్ని, తక్కువ ఇన్ని, అక్కడితో సరి. పనిచేసేవి ఎన్ని అన్న గడి ఉన్నచోట కూడా దాన్ని ప్రిన్సిపాల్ గదిలో, జీడిపప్పు ప్లేటు పక్కన పెట్టుకునే నింపుతారు. పలాస జీడిపప్పు కాబట్టి ఆ తప్పు తమరిది కాదు.

ఒక్కసారి ఆ ఆకుపచ్చ బటన్ నొక్కి చూడండి. మోటారు మూలిగి తిరగలేదంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉంటుంది, వెంటనే ఆపేయండి. స్టార్టరులో, కరెంటు మితిమీరితే మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలేని మోటారు ప్లేటు మీదున్న కరెంటుకి సెట్ చేసి ఉంటే అదే ట్రిప్ అవుతుంది. "ఊరికే పడిపోతోంది బాబూ" అని ఎవరో దాన్ని పైకి తిప్పేసి ఉంటే వైండింగ్ కాలుతుంది. ఇక తిరిగిందనుకుందాం. కోసే టూలుని ముందుకీ వెనక్కీ జరిపే క్రాస్‌స్లైడ్ చక్రాన్ని ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. పావు చుట్టు తిరిగేదాకా టూలు కదలకపోతే లోపల స్క్రూ, నట్టు అరిగిపోయాయన్నమాట. అలాంటి మిషను మీద కుర్రాడు డయల్ చూసి పదోవంతు మిల్లీమీటరు కోత పెడితే, పడే కోత ఎంతో దేవుడికి ఎరుక.

తర్వాత 25 మి.మీ. రాడ్డు ముక్కని, పట్టి తిప్పే చక్‌కీ, రెండో చివర ఆనే టెయిల్‌స్టాక్ సెంటర్‌కీ మధ్య పట్టించి, ఓ 150 మి.మీ. పొడవున సన్న కోత ఒకటి పెట్టించండి. రెండు చివర్లా మైక్రోమీటరుతో కొలవండి. కొలతలు కలవకపోతే మొదట అనుమానించాల్సింది టెయిల్‌స్టాకునే, పక్కకి జరిగి ఉంటుంది. అసలు కొలిచేముందు మైక్రోమీటరునీ ఓసారి అనుమానించండి. ఉత్తదాన్ని మూసి, సున్నా గీత సున్నా దగ్గర నిలిచిందో లేదో చూడండి. ఫిట్టర్ సిలబస్ అడిగే టాలరెన్సు, అంటే ఒప్పుకునే తేడా, ±0.04 మి.మీ. సున్నా దగ్గరే 0.03 తేడా ఉంటే, పిల్లాడు ఆకురాయి పట్టకముందే ముప్పాతిక భాగాన్ని పనిముట్టు తినేసింది. రిజిస్టరులో మాత్రం "మైక్రోమీటర్ 0-25 మి.మీ., మంచి స్థితి" అని ఉంటుంది. నిజమే, పెట్టె మంచి స్థితిలోనే ఉంది.

ఇక తమరు ఫొటో దిగడానికి ఇష్టపడే సీఎన్‌సీ గారి సంగతి, అంటే కంప్యూటరు నడిపే మిషను. గదికి ఏసీ, ఒంటికి ప్లాస్టిక్ ముసుగు, ప్రారంభోత్సవం నాటి రిబ్బను ముక్క ఇంకా తలుపుకే. చాలా కంట్రోలర్లలో పారామీటర్లను, అంటే మిషను సెట్టింగులను, కాపాడేది లోపలున్న చిన్న లిథియం బ్యాటరీ. మిషన్ని నెలల తరబడి ఆపేసి ఉంచితే ఆ బ్యాటరీ అయిపోతుంది, పారామీటర్లు పోతాయి. తర్వాత స్విచ్ వేస్తే స్క్రీను మీద అలారాలు తప్ప ఇంకేం రాదు. బ్యాటరీ మార్చడానికీ ఓ పద్ధతుంది. మిషను ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆపేసి పీకితే ఉన్న కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. పారామీటర్ల బ్యాకప్ ఎక్కడుందంటే, బదిలీ మీద వెళ్లిపోయిన మాస్టారి పెన్‌డ్రైవులో. ఇంజినీరుని పిలుద్దామంటే వారంటీ దాటింది, నిర్వహణ ఒప్పందానికి పద్దు లేదు. లక్షల మిషను చిన్న బ్యాటరీకి దిక్కులేక పడుకుని ఉంది. తమరి నివేదికలో "సీఎన్‌సీ: 1, సంతృప్తికరం." సంతృప్తి ఎవరిదో రాయలేదు గానీ.

పడుకున్న మిషన్లు లేవకపోతే పంపించేద్దాం అంటారా? ఈ ఊళ్లలో మనిషి పోతే పదకొండో రోజుకి తంతు అయిపోతుంది, మిషను పోతే అవదు. కొన్న ఏడు, కొన్న ధర, పుస్తకంలో మిగిలిన విలువ, పనికిరాకపోవడానికి కారణం, ఇవన్నీ రాసి జాబితా పంపాలి. సాంకేతిక కమిటీ వచ్చి చూసి సర్టిఫై చెయ్యాలి. కనీస ధర కట్టాలి. పైనుంచి అనుమతి రావాలి. వేలం వేసి, డబ్బు చలానా మీద ఖజానాకి కట్టాలి. ఈలోగా కమిటీలో ఒకరు రిటైరవుతారు, ఫైలు మళ్లీ మొదటికి. అసలు చిక్కు ఇది కాదు. ఆ జాబితా తేలేదాకా చచ్చిన మిషను తమరి లెక్కలో బతికే ఉంటుంది. "కొత్త లేత్ కావాలి" అని రాస్తే "మీకు ఆల్రెడీ ఉన్నాయి కదా" అని జవాబొస్తుంది. హుద్‌హుద్ తుఫానుకి 2014లో, తిత్లీ తుఫానుకి 2018లో ఈ తీరంలో రేకులు ఎగిరిపోయి, కింద మిషన్లు తుప్పు పట్టినా ఈ సూత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి మా విన్నపం. తమరు ఈసారి ఆఫీసు గదికి వెళ్లకుండా, స్టోరు వెనకాల గోడవారగా ఉన్న స్క్రాపు కుప్ప దగ్గరికి దయచేయండి. ఐటీఐ సిలబస్ ప్రకారం మొదటేడు 840 గంటల ప్రాక్టికల్ జరగాలి. జరిగిందో లేదో ఆ కుప్ప చెబుతుంది.

వెల్డర్ బ్యాచ్‌లో 20 మంది అనుకుందాం. ఒక్కొక్కరు రోజుకి పది 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్లు కాల్చారనుకున్నా రోజుకి రెండు వందలు, అయిదు రోజులకి వెయ్యి. రాడ్డుని పూర్తిగా కాల్చలేరు, హోల్డరులో ఉండే రెండంగుళాల మొండి మిగులుతుంది. అంటే వారానికి వెయ్యి మొండిలు. డబ్బా నిండా ఉన్నాయా, డబ్బా అడుగున పాతిక ఉన్నాయా? మొండిలు బారుగా, సగం రాడ్డంత ఉన్నాయంటే పిల్లలకి ఆర్క్ నిలపడం ఇంకా రాలేదని. అతికిన ముక్కల మీద సన్న చిల్లులు కనపడితే ఒక కారణం తేమ అయి ఉంటుంది. సముద్రపు గాలికి రాడ్డు మీది ఫ్లక్స్ పూత నీరు పీల్చుకుంటుంది, వాడేముందు ఓవెన్‌లో నూరు డిగ్రీల పైన ఓ గంట ఆరబెట్టాలి. ఓవెన్ ఉంది. ప్లగ్ లేదు.

ఫిట్టర్ బెంచీల కింద సన్నటి ఇనప రజను ఉండాలి, లేత్ ట్రేలో చుట్టలు తిరిగిన చిప్స్ ఉండాలి. చిప్స్ రంగు చూడండి. తెల్లగా నిగనిగలాడితే ఈ వారానివి. మా గాలికి ఎర్రబడటానికి ఎన్నో రోజులు పట్టదు. కుప్ప మీద గడ్డి మొలిచిందంటే, ఆ కింద ఉన్నది ఇప్పటి బ్యాచ్‌ది కాదు.

అనుమానం తీరకపోతే కాటా తెప్పించండి. స్టాకు పుస్తకంలో పిల్లలకి జారీ అయిన ఇనప పట్టీ (ఫ్లాట్) ఇన్ని కిలోలని ఉంటుంది. పిల్లలు చేసిన వస్తువులు (జాబులు), కోసిన ముక్కలు, రజను కలిపి తూచితే దానికి కాస్త అటూ ఇటూగా రావాలి. చీపురుకి పోయిన పొడిని వదిలేయండి. కిలోల్లో తేడా వస్తే సరుకు ఇంకా స్టోరులోనే నిద్రపోతూ ఉండాలి, లేదా గేటు దాటి ఉండాలి. అద్దాల బీరువాలో వార్నిష్ పూసి పెట్టిన డవ్‌టైల్ ఫిట్టింగులను (ఒకదానిలో ఒకటి ఇమిడే జాబులు) చూసి మురిసిపోకండి. వాటి మీద కొట్టిన నంబర్లను ఈ ఏటి హాజరుపట్టీతో పోల్చండి. ఆ నంబరు కుర్రాడు ఈపాటికి పైడిభీమవరం మందుల కంపెనీలో పంపు కప్లింగు బిగిస్తూ ఉండొచ్చు, వాడి జాబు మాత్రం ఏటేటా తనిఖీ పాసవుతూనే ఉంది.

హాజరంటే గుర్తొచ్చింది. ఐటీఐలో పరీక్షకి 80 శాతం కావాలి, నిజమే. ముఖం గుర్తుపట్టే యాప్ కూడా వచ్చింది. అది ముఖాన్నే గుర్తుపడుతుంది, చేతిని కాదు. చేతి సంగతి బొబ్బిలిలోనో గరివిడిలోనో కంపెనీ ఫోర్‌మన్ హ్యాక్‌సా ఇచ్చిన మొదటి అయిదు నిమిషాల్లో తేలుస్తాడు. ఆయనకి పోర్టల్ లేదు.

ఈ ఉత్తరం చదివి తమరు స్క్రాపు కుప్పకీ ఒక రిజిస్టరు పెట్టిస్తారని మాకు తెలుసు. ఉత్పత్తి అయిన స్క్రాపు, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ, జియోట్యాగ్ ఫొటో. ఆ మర్నాటి నుంచి నిగనిగలాడే చిప్స్ పక్క ఊరి లేత్ షెడ్డు నుంచి ఆటోలో అద్దెకొస్తాయి. అందుకే తూకం సంగతి ముందే మనవి చేసుకున్నాం.

ఇట్లు
తమ లెక్కలో ఎప్పుడూ "మంచి స్థితి"లో ఉండే
వర్క్‌షాపులవాళ్లం

తా.క. తేదీ ముందుగా తెలియజేయవద్దని మనవి. "బాబొచ్చేస్తన్నారు" అని తెలిసిన మరుక్షణం పిల్లల చేత ఆకురాళ్లు దింపించి సున్నం బ్రష్షులు పట్టిస్తాం, ఓ వారం పాఠాలుండవు. విజయనగరమైతే పైడితల్లి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం తప్ప ఏ రోజైనా పరవాలేదు, ఆ రోజు పట్నంలో దారుండదు. శ్రీకాకుళమైతే రైలు ఆమదాలవలసలో దిగాలి, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అని ఉన్నా సరే. అక్కడినుంచి ప్రభుత్వం బండి కోసం ఫోన్ చేయకండి, ఆటో ఎక్కండి. పాంటుకి నూనె మరక అంటుతుంది, పాతది వేసుకు రండి.