ఈఫిల్ టవర్ జీ ప్లస్ ఎంత?

నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లో నిలబడి తలెత్తితే ముందు స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు, ఆ పైన విదేశీ చదువుల బోర్డులు. వాటి మధ్య ఎక్కడైనా జానెడు ఆకాశం కనిపించిందంటే అది ఇంకా అద్దెకు పోని జాగా అనుకోవాలి. బోర్డు మీద ఈఫిల్ టవరో బిగ్ బెన్నో లేకుండా ఏ సంస్థా తలుపు తెరవదు. కాబట్టి ప్రపంచ ప్రసిద్ధ కట్టడాల గురించి ఇంగ్లీషులో చెప్పడం మన పిల్లలకు దివ్యంగా నేర్పుతున్నారని నమ్మవచ్చు. ఆ నమ్మకం చెదరకూడదంటే ఒక్కటే జాగ్రత్త, ఆ పిల్లల చేత మాట్లాడించకూడదు.

ఇప్పుడు అమల్లో ఉన్న పద్ధతి చాలా పొదుపైనది. యావత్తు వాస్తుశిల్పాన్నీ ఒక్క వాక్యంలో కూరారు: "ఫలానా ఈజ్ ఎ మాగ్నిఫిసెంట్ అండ్ బ్రెత్‌టేకింగ్ ఆర్కిటెక్చరల్ మార్వెల్ సిచ్యుయేటెడ్ ఇన్ ద హార్ట్ ఆఫ్ ద సిటీ." శుభలేఖలు అచ్చేసేవాడు వధూవరుల పేర్లు మార్చి మిగతా మేటరు కదపనట్టు, ఫలానా ఉన్నచోట ఏ పేరైనా పెట్టుకోవచ్చు. తాజ్ మహల్ పెట్టండి, అతుకుతుంది. బస్టాండు పెట్టండి, ఇంకా బాగా అతుకుతుంది. యమున ఒడ్డున ఓ పక్కగా ఉన్న తాజ్ కంటే బస్టాండే కదా ఊరి నడిబొడ్డున ఉండేది.

ఈ వాక్యానికి అసలు పరీక్ష, విదేశీ చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో, స్పీకింగ్ రెండో భాగంలో ఎదురవుతుంది. ఒక కార్డు చేతికిస్తారు. నీకు తెలిసిన ప్రసిద్ధ కట్టడం గురించి చెప్పమని ఉంటుంది. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు. ఆ తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. తాపీగా మాట్లాడినా రెండు నిమిషాలకు రెండు వందల యాభై మాటల దాకా కావాలి. మన వాక్యం ఎంత సాగదీసినా పది సెకన్లకు మించి రాదు. మిగతా సమయమంతా ఫ్యాను చప్పుడు. మార్కులు నాలుగు పద్దుల కింద సమానంగా పంచుతారు: ధారాళంగా పొందికగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఫ్యానుకు ఏ పద్దులోనూ మార్కులుండవు. పైగా అవతల కూర్చున్నవాళ్ళకు బట్టీ వాసన ఇట్టే తెలిసిపోతుంది. "వాట్ ఈజ్ ఇట్ మేడ్ ఆఫ్?" అని ఒక్క చిన్న ప్రశ్న వేస్తారు. "మాగ్నిఫిసెంట్, సార్" అని జవాబు వస్తుంది.

ఆ సమయానికే మాగుంట లేఅవుట్‌లో ఏదో ఒక సందులో లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ మేస్త్రీ ఇంటాయనకు లెక్క చెబుతుంటాడు. "ప్లింత్ బీమ్ అయిపాయ సార్. కాలమ్స్ లేచినాయి. లింటల్ పడినాక సన్‌షేడ్ లాగేసి, సెంట్రింగ్ కొట్టి, ఆదివారం స్లాబ్ ఏసేద్దాం. ప్యారాపెట్ మూడడుగులు చాలు. ఎలివేషన్ ఎట్టుండాలో మీరే జెప్పండి." కట్టడాన్ని వర్ణించే ఇంగ్లీషు పేర్లు ఇందులో ఎనిమిదున్నాయి. అద్భుతమనే మాట ఒక్కటీ లేదు. అయినా ఇల్లు కళ్ళకు కడుతుంది. అదే ఇంటిని కోర్సు పూర్తిచేసిన పిల్లవాడికి చూపిస్తే అప్పర్ పార్ట్, సైడ్ పార్ట్, డౌన్ పార్ట్ అని కోడిని కోసినట్టు మూడు ముక్కలు చేస్తాడు.

అందుచేత ప్రతి శిక్షణ సంస్థా వారానికి ఒక గంట మేస్త్రీని పిలిపించి పాఠం చెప్పించాలని సవినయంగా ప్రతిపాదించవచ్చు. మేస్త్రీ రోజు కూలి విన్నాక యాజమాన్యాలు ఒప్పుకోవనుకోండి. అయినా మేస్త్రీ ఇంగ్లీషును నేరుగా లండన్ తీసుకుపోతే రెండు చోట్ల కాలు జారుతుంది. మనం బేస్‌మెంట్ అనేది నేల మట్టానికి పైన లేపే ఎత్తు, దానికి ప్లింత్ అనాలి. అక్కడ బేస్‌మెంట్ అంటే నేల కింద గది. "మా ఇంటి బేస్‌మెంట్ మూడడుగులు, నాలుగు మెట్లెక్కి లోపలికి రావాలి" అంటే విన్నవాడికి పైకి పోవాలో కిందికి దిగాలో తోచదు. రెండోది ఎలివేషన్. ఇంజినీరు గీసే బొమ్మకు ఆ మాట సరే గానీ, కట్టి నిలబెట్టిన ముందు భాగాన్ని ఫసాడ్ అంటారు. దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని ఫకేడ్ అని చదివే ఆచారం ఒకటుంది.

ఉచ్చారణ విషయంలో మన సంస్థల ఉదారత చెప్పనలవి కాదు. ఆర్చ్‌లో చకారం పలుకుతుంది, ఆర్కిటెక్ట్‌లో అదే చోట కకారం. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి పిల్లలు సమన్యాయం పాటించి ఆర్చిటెక్ట్ అంటారు. తాజ్ మహల్ టోంబ్ కాదు, టూమ్. చివరి బకారం సమాధిలోనే ఉండిపోతుంది. దాని పైనున్న డోమ్ మాత్రం డోమే. కాలమ్ చివర రాతలో ఉన్న నకారం నోట్లోకి రాదు. మసీదుకున్న ఇంగ్లీషు పేరునూ మూతికి కట్టుకునే మాస్కునూ తెలుగులో ఒకేలా రాస్తాం కనక ఒకేలా పలుకుతాం. "ఐ సా ఎ బ్యూటిఫుల్ మాస్క్ ఇన్ హైదరాబాద్" అంటే వినేవాడు కరోనా కాలం గుర్తొచ్చి జాలిపడతాడు. మసీదుకైతే నోరు గుండ్రంగా చేసి ఆ-ఓ మధ్యలో పొట్టిగా పలకాలి. మూతి మాస్కుకు నోరు బార్లా తెరిచి ఆ అని లాగాలి. ఈ రెండు మాటలనే మార్చి మార్చి ఇరవై సార్లు అనిపిస్తే నాలుకకు దారి దొరుకుతుంది. పలకడమెలాగో బోర్డు మీద తెలుగులో రాసిచ్చారో, ఆ దారి మళ్ళీ మూసుకుపోతుంది.

ఇక క్రియల సంగతి. ఇక్కడ తెలుగువాడి దగ్గర ఇంగ్లీషువాడికి లేని సొత్తు ఒకటుంది. షాజహాన్ తాజ్ మహల్ కట్టించాడంటాం. ఒక్క ఇంచు ప్రత్యయంతో పాదుషా చేతికి తాపీ అంటకుండా చూసుకుంటాం. పిల్లలకు మాత్రం "షాజహాన్ బిల్ట్ తాజ్ మహల్" దగ్గరే ఆపేస్తారు. అది తప్పని కాదు, వాడుకలో ఉన్నదే. కానీ కట్టించాడు అన్న మన మాటకు సరితూగే కమిషన్డ్ అనేది నేర్పితే, బిల్ట్ అనే మాట 1632 నుంచి ఇరవై ఏళ్ళపాటు రాళ్ళెత్తిన కూలీలకు మిగులుతుంది. ఆ పేరు ముందు ద పెట్టాలని కూడా చెప్పాలి. తాజ్ మహల్‌కూ ఈఫిల్ టవర్‌కూ ద ఉంటుంది, బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు ఉండదు. కారణం అడిగితే తెల్లవాడూ తెల్లమొహమే వేస్తాడు, కాబట్టి పేరుతో పాటే కంఠస్థం చేయించడం మేలు. బట్టీకి పనికొచ్చే చోటు అసలు ఇదే, ఇక్కడే దాన్ని వాడరు.

బిల్ట్ ఒక్కటే తెలిస్తే మన చుట్టుపక్కల కట్టడాలు కూడా లొంగవు. భైరవకోన గుళ్ళను ఎవరూ కట్టలేదు. కొండను తొలిచారు. అక్కడ "వర్ కార్వ్‌డ్ అవుట్ ఆఫ్ ద రాక్" అనకుండా బిల్ట్ అన్నామంటే కొండను కూడా మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది. ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు కట్టించాడని ధైర్యంగా చెప్పే పిల్లలున్నారు. రాయలు దాన్ని గజపతుల దగ్గర్నుంచి 1514లో గెలుచుకున్నాడు. క్యాప్చర్డ్ అనాలి. కట్టించడం, గెలుచుకోవడం, పెంచడం, బాగుచేయించడం, పాడుపడటం, వీటికి ఐదు క్రియలు చేతిలో ఉంటే చరిత్ర సగం దానంతటదే చక్కబడుతుంది. ఇప్పుడున్నది ఒకే క్రియ, అన్ని రాజవంశాలకూ అదే.

పీసా గోపురం దగ్గర మరో ముచ్చట. "ఇట్ ఈజ్ బెండింగ్" అంటారు. పండిన వరి కంకి వంగుతుంది, కరెంటు స్తంభం ఒరుగుతుంది. ఈ తేడా తెలుగులో ఏ రైతుబిడ్డకూ చెప్పనక్కర్లేదు. వంగితే బెండ్, ఒరిగితే లీన్. 1173లో మొదలుపెట్టిన ఆ గోపురం కింద ఒక పక్క నేల మెత్తన కావడంతో అటు దిగబడి ఒరిగింది. ఇంజినీర్లు రెండో పక్క కింద మన్ను కొంచెం కొంచెం తీసి, 2001 నాటికి ఒరుగును నాలుగు డిగ్రీలకు తెచ్చి నిలబెట్టారు. తాజ్ మినార్లూ కొద్దిగా బయటికి ఒరిగి ఉంటాయి, కానీ అవి కావాలని అలా కట్టినవి. నేల మోసం చేసిన ఒరుగుకూ మేస్త్రీ కోరి పెట్టిన ఒరుగుకూ మధ్య తేడా చెప్పగలిగితే ఆ రెండు నిమిషాల్లో అరనిమిషం గడిచిపోతుంది.

విశేషణాల వరసకు ఒక పట్టిక ఉంది. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టుక, పదార్థం అని గోడకు అంటించి జపం చేయిస్తారు. "పెద్ద తెల్ల పాలరాతి గుమ్మటం" అని ఒకసారి పైకి అనండి. ఇంగ్లీషు వరస కూడా ఇదే: బిగ్ వైట్ మార్బుల్ డోమ్. "పాలరాతి తెల్ల పెద్ద గుమ్మటం" అంటే తెలుగు చెవికే ఎబ్బెట్టు. ఇంట్లో ఉన్న సరుకును నెలకింత ఫీజు కట్టి కొనుక్కోవడం విద్యారంగానికి కొత్తేమీ కాదు. మూడు విశేషణాలు దాటితే మాత్రం ఏ భాషలోనైనా గుమ్మటం కూలుతుంది.

సాధన ఎక్కడ మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కు. ఈఫిల్ టవర్ పనికిరాదు. 18,038 ఇనుప ముక్కలు, 25 లక్షల రివెట్లు ఉన్న వస్తువుతో అక్షరాభ్యాసం చేయించడం క్రూరత్వం. రంగనాయకుల గుడి గాలిగోపురం కూడా మొదటి రోజుకు పనికిరాదు, దాని మీది బొమ్మల దగ్గరే తరగతి అయిపోతుంది. మొదటి పాఠానికి తగినది ఊరూరా ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు. ప్రపంచ వింతల్లో చోటు దక్కకపోవడం తప్పిస్తే దానికి ఏ లోపమూ లేదు. ఇద్దరిని వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. ఒకరి చేతిలో ట్యాంకు ఫొటో, ఇంకొకరి చేతిలో తెల్లకాగితం. చూసేవాడు చెప్పాలి, వినేవాడు గీయాలి. పది నిమిషాలు. కింది నుంచి పైకి: "ఇట్ స్టాండ్స్ ఆన్ ఎయిట్ కాలమ్స్. బీమ్స్ జాయిన్ ద కాలమ్స్ ఎట్ త్రీ లెవెల్స్. ఎ రౌండ్ ట్యాంక్ సిట్స్ ఆన్ టాప్. ఎ నారో స్టెయిర్‌కేస్ వైండ్స్ అప్ టు ఇట్." నాలుగు వాక్యాల్లో మాగ్నిఫిసెంట్ లేకపోయినా ట్యాంకు నిలబడింది.

ఇందులో చెడేది ముందు చేతుల దగ్గర. "లైక్ దిస్, లైక్ దిస్" అంటూ గాలిలో గుండ్రాలు తిప్పుతారు. వీపు తిప్పి కూర్చున్నవాడికి అవి కనపడవన్న సంగతి రెండో నిమిషానికి గానీ గుర్తురాదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమంటే నోరు తెరుచుకుంటుంది. తర్వాత ఈజ్ హ్యావింగ్. "ఇట్ ఈజ్ హ్యావింగ్ ఎయిట్ కాలమ్స్" అనడానికి మూలం "కలిగి ఉన్నది" అనే మన పాఠ్యపుస్తకాల తెలుగు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, "ట్యాంకుకి ఎనిమిది కాళ్ళు" అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి హ్యాజ్ చాలు. చివరగా బొమ్మ పూర్తయ్యాక ఫొటో పక్కన పెట్టి పోల్చాలి. మెట్లు కుడి పక్కకు బదులు ఎడమ పక్కన పడ్డాయంటే తప్పెవరిదో అక్కడే తేలుతుంది. సాధారణంగా అప్పుడే ఆ ఇద్దరూ మొదటిసారి ధారాళంగా మాట్లాడతారు, తెలుగులో.

ట్యాంకు వచ్చాక గాలిగోపురానికి పోవచ్చు. దాన్ని ఎయిర్ టవర్ అనీ, ధ్వజస్తంభాన్ని ఫ్లాగ్ పోల్ అనీ అనువదించి చెప్పే వీరులున్నారు. విన్న విదేశీయుడు సెల్ కంపెనీ టవరూ పంద్రాగస్టు జెండా కర్రా అనుకుంటాడు. గోపురాన్ని గోపురమనే అని, వెంటనే నాలుగు మాటల తోక తగిలించాలి: "ద గోపురం, ఎ టాల్ గేట్‌వే టవర్." పేరు మనదే ఉంటుంది, అర్థం వాళ్ళకు అందుతుంది. రాయి గురించి చెప్పాల్సి వస్తే ప్రకాశం జిల్లా వాళ్ళకు మరీ సులువు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వంటింటి గట్టు మీద రోజూ తుడుస్తూనే ఉంటారు: నల్లగా, నున్నగా, బంగారు రంగు చుక్కలతో. బ్లాక్, పాలిష్డ్, స్పెక్ల్‌డ్. మూడు మాటలు, మూడూ గట్టు మీద చెయ్యి పెడితే చాలు, దొరికేవే.

అంతస్తుల లెక్క ఒకటి మిగిలింది. గ్రౌండ్ ఫ్లోర్ మీదిది బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్, అమెరికాలో సెకండ్ ఫ్లోర్. వీసా ఎటు వస్తుందో తేలేదాకా పిల్లలు ఏ అంతస్తులో ఉన్నారో వాళ్ళకే తెలియదు. మన జీ ప్లస్ లెక్కలో ఈ గొడవ లేదు. ఈఫిల్ టవర్ ఫొటో మేస్త్రీ చేతిలో పెట్టి, నేల గాక మూడు అంతస్తులు, మొదటిది 57 మీటర్ల మీద, రెండోది 116, మూడోది 276, మొత్తం ఎత్తు 330 అని చెప్పి చూడండి. ఫొటోను కాస్త దూరంగా పట్టుకుని, కిందా మీదా చూసి, "జీ ప్లస్ త్రీ. గోడలు లేవు, బాత్రూములు యాడున్నాయో కనపడ్డంలా. అద్దెకెవురొస్తారు సార్?" అంటాడు.