నీలం తిరగని బోలీట్ నిరపాయమా?

ఆస్ట్రేలియాలో అడవి పుట్టగొడుగులు ఏరేవారి మధ్య చాలాకాలంగా ఒక సూత్రం చలామణిలో ఉంది. గొడుగు అడుగున పల్చటి రేకులకు బదులు స్పాంజిలాంటి సన్నని చిల్లులుంటే అది బోలీట్ అనీ, ఆ చిల్లులు ఎర్రగా లేకుండా, కోసినప్పుడు కండ నీలం తిరగకుండా ఉంటే నిశ్చింతగా వండుకోవచ్చనీ, బోలీట్ తిని ఎవరూ చనిపోలేదనీ దాని సారాంశం.

మొదటి మాట చాలావరకు నిజమే. ప్రాణాంతకమైన విషపు పుట్టగొడుగు అమనిటా ఫలాయిడీస్‌కు అడుగున తెల్లని రేకులుంటాయి కనుక, చిల్లులు చూసి ఏరేవారు దాన్ని తప్పించుకుంటారు. చిక్కంతా తక్కిన మాటలతోనే.

నీలం సంగతి చూద్దాం. కొన్ని బోలీట్‌లను కత్తితో నిలువునా చీల్చగానే పసుపుపచ్చని కండ మీద సిరా ఒలికినట్టు నీలం పాకుతుంది. చూసినవారు జంకడం సహజమే. కానీ అది విషానికి గుర్తు కాదు. కండలోని వేరిగేటిక్ ఆమ్లం వంటి పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు మారతాయి, అంతే. తరిగిన వంకాయ నల్లబడితే మనమెవరమూ విషమనుకోము. కోయగానే ముదురు నీలం తిరిగే బోలీట్ గైరోపోరస్ సయనెసెన్స్‌ను యూరప్‌లో తింటారు. నీలం తిరిగేది తినదగినది కావచ్చునన్నప్పుడు, తిరగనిది తినదగినదే అన్న హామీ కూడా ఆ రంగు ఇవ్వలేదు.

మరణాల విషయంలో సూత్రం చెప్పేది పూర్తిగా తప్పు. 1994లో రుబ్రోబోలీటస్ పల్చెరిమస్ అనే అమెరికా పశ్చిమ తీరపు బోలీట్ తిన్న దంపతులలో భర్త మరణించాడు. దాని చిల్లులు ఎర్రనివే, కోస్తే నీలమూ తిరుగుతుంది కనుక సూత్రం పాటిస్తే ఆయన బతికేవాడని వాదించవచ్చు. అయితే 2005లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వెలువడిన ఒక నివేదిక, అడవి పుట్టగొడుగులు తిని మస్కరిన్ అనే పుట్టగొడుగు విషం లక్షణాలతో మరణించిన మహిళ గురించి చెబుతూ, అవి రుబినోబోలీటస్ ప్రజాతికి చెందిన బోలీట్‌లని పేర్కొంది. మస్కరిన్‌కు నీలం తిరగడంతో ఏ సంబంధమూ లేదు. విపరీతమైన చెమట, నోట్లో నీరూరడం, గుండె వేగం తగ్గడం దాని లక్షణాలు. పురుగుమందు తాగినవారికి మన ఆసుపత్రుల్లో ఇచ్చే అట్రోపినే దీనికీ విరుగుడు.

అసలీ సూత్రం యూరప్ అడవులను చూసి కట్టుకున్నది. బోలీట్‌లలో చాలావాటికి ఫలానా చెట్ల వేళ్లతోనే పొత్తు. న్యూ సౌత్ వేల్స్‌లోని ఓబెరాన్ పైన్ తోటల్లో జనం ఏరుకునే స్లిప్పరీ జాక్ అనే బోలీట్, పైన్‌తో పాటు బయటినుంచి వచ్చినదే. అడిలైడ్ కొండల్లో దొరికే, యూరప్‌లో ఇష్టంగా తినే బోలీట్ పోర్చినీ కూడా అక్కడ నాటిన విదేశీ చెట్ల కిందిదే. యూకలిప్టస్ కింద పుట్టేవి బోలీటెల్లస్, ఆస్ట్రోబోలీటస్, ఫ్లెబోపస్ వంటి ఆ నేల సొంత జాతులు. అక్కడ పోర్చినీలా కనబడినది పోర్చినీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. పొలంలో ఫలానా పుట్ట మీద లేచినవే కోసుకొచ్చే మన పల్లె ఆడవాళ్ల జ్ఞానం కూడా ఆ పుట్టకు సంబంధించినదే, మరో ఖండానికి పనికొచ్చేది కాదు.

పురుగులు తిన్నది మనకూ మంచిదేననే మాట క్షణం నిలవదు. అమనిటా ఫలాయిడీస్‌ను నత్తలు హాయిగా తింటాయి.

ఇక ఫోన్‌లో పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో జాతి తేలదు. కాడ మొదలుదాకా తవ్వి తీసిన పుట్టగొడుగు, చిల్లుల రంగు, కోసినప్పుడు కండ రంగు, తెల్ల కాగితం మీద రాలిన బీజాల రంగు, పక్కనున్న చెట్టు పేరు, చాలాసార్లు సూక్ష్మదర్శిని కూడా కావాలి. ఇప్పటికే తిన్నవారు మాత్రం పేరు తేలేదాకా ఆగకుండా, మిగిలిన ముక్కను దాచి, ఆస్ట్రేలియా విష సమాచార కేంద్రం నంబరు 13 11 26కు వెంటనే ఫోన్ చేయాలి.