సహజవాయువు గారికి, థర్మల్ కాలనీ నుంచి

మహారాజశ్రీ సహజవాయువు గారి సమక్షమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం మాకు తెలియదు, మా కుశలం మీరు ఎన్నడూ అడగలేదు. అయినా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పారు కాబట్టి రాస్తున్నాను.

ఆయన ముప్పయ్యేళ్లు ఒక బొగ్గు విద్యుత్ కేంద్రంలో బాయిలర్ దగ్గర షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ఊరి పేరు చెప్పను. చిమ్నీ, బొగ్గు రైలు, బూడిద చెరువు, వరుస క్వార్టర్లు ఉన్న ఊళ్లన్నీ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఏదో ఒకటి అనుకోండి. అమ్మ బట్టలు ఆరేసే ముందు దండేన్ని తడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేది. తెల్లగా బయలుదేరిన గుడ్డ రెండో గుంజ చేరేసరికి పిల్లి రంగుకు తిరిగేది. దాన్ని చూసి ఆ పూట గాలి ఎటు వీస్తోందో చెప్పేది. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కదా. లారీలకు, రైళ్లకు అంత ఖర్చు పెట్టి మనం మోసుకొచ్చే సరుకులో అంత భాగం మళ్లీ ఎక్కడో పారబోయడానికే. అందులో చారెడు మా దండేనికి రాసిపెట్టి ఉంది.

అలాంటి కాలనీలోకి మీ పేరు పెళ్లికొడుకు పేరులా వచ్చింది. 2002లో కృష్ణా గోదావరి బేసిన్‌లో, సముద్రం అడుగున మీరు భారీగా దొరికారని పేపర్లో చదివి నాన్న స్నేహితులు మా అరుగు మీద సభ పెట్టారు. "ఇక మన పని సరి" అన్నారు ఒకరు. మీ గుణగణాలు నాన్నే వివరించారు. గ్యాస్ టర్బైన్ తిప్పి బయటికొచ్చే వేడిని గాలికి వదలరట, దానితోనే ఆవిరి పుట్టించి ఇంకో టర్బైన్ తిప్పుతారట. పిప్పి పారేయకుండా చెరకును రెండోసారి గానుగకు పెట్టినట్టు. మా పాత యూనిట్లు బొగ్గులోని వేడిలో మూడో వంతును కరెంటుగా మార్చడానికే ఆయాసపడేవి, మీరైతే సగానికి పైగా మారుస్తారు. యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ సుమారు సగం. బూడిద అసలే లేదు. పైగా, చల్లారిపోయిన మా బాయిలర్‌ను లైటప్ చేసి మళ్లీ గ్రిడ్‌కు కలపాలంటే కుంభకర్ణుణ్ణి లేపినంత పని, షిఫ్టులు మారిపోయేవి. మీరు పిలవగానే లేస్తారు. ఇన్ని సుగుణాలున్న సంబంధం గురించి విని అమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది. "బట్టల మీద ఏమీ పడదు కదా?"

ఏమీ పడదని నాన్న మాటిచ్చారు. ఆ మాట పోయింది మీ వల్లే.

మీ కోసం వేసిన పందిళ్లు ఒకసారి గుర్తుచేస్తాను. వేమగిరిలో గ్యాస్ విద్యుత్ కేంద్రం 2006లోనే సిద్ధమైంది, మీరు వచ్చింది 2009లో. ఆలస్యమైనా వచ్చారు కదా అని సంబరపడ్డాం. 2010లో సముద్రం నుంచి రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లకు పైగా పొంగుకొచ్చారు. ఆ ఊపు చూసి రాజమహేంద్రవరం దగ్గర 768 మెగావాట్లు, సామర్లకోటలో 2400 మెగావాట్లు అంటూ కొత్త పందిళ్లు లేచాయి. ఇంతలో మీకు నీరసం వచ్చింది. 2013 నాటికి ఆ పొంగులో నాలుగో వంతు మిగిలితే గొప్ప. ఆ మార్చి నుంచి ఆ బేసిన్ నుంచి విద్యుత్ కేంద్రాలకు మీరు రావడం ఆగిపోయింది. 768 మెగావాట్ల కేంద్రం కట్టి పూర్తయ్యాక కూడా 2015 దాకా ఎదురుచూసింది. సామర్లకోటకు తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయాయి. మన పిల్ల కోసం చేయించిన మంచం పొరుగూరి పెళ్లికి వెళ్లినట్టు.

అయినా ఇవి కట్టిన పందిళ్లు. కట్టనిది ఇంకోటి ఉంది. కరీంనగర్ దగ్గర తిమ్మాపూర్ మండలం నేదునూరులో 2100 మెగావాట్ల గ్యాస్ కేంద్రానికి 2010లో శంకుస్థాపన చేశారు. రైతుల నుంచి భూమి తీసుకున్నారు. అన్నీ ఉన్నాయి, మీ కేటాయింపు ఒక్కటే లేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెతకు శిలాఫలకం చెక్కించడం మాత్రం మా ప్రత్యేకత, ఇందులో మీ తప్పేమీ లేదని ఒప్పుకుంటాను.

నాకు అసలు కోపం తెప్పించింది తర్వాతి సంగతి. అంత దూరం పైపు రాదేమో, పెద్దమనిషికి ప్రయాణం పడదేమో అని మేం సరిపెట్టుకున్నాం. తీరా చూస్తే మీరు కాకినాడ దగ్గర మల్లవరం నుంచి పైపులో బయలుదేరి, కొండలూ కోనలూ దాటి, అదే పాత ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని రామగుండం చేరారు! ఎందుకయ్యా అంటే ఎరువుల కర్మాగారానికి. అక్కడ 1999లో మూతపడ్డ పాత కర్మాగారం బొగ్గుతో యూరియా చేసేది. 2021లో మళ్లీ మొదలైన కొత్తది మీతో చేస్తోంది, ఏడాదికి 12.7 లక్షల టన్నులు చేయగలదు. అంటే బొగ్గు స్థానంలోకి మీరు రావడం తెలంగాణలో జరగనిది కాదు, జరిగింది. కరెంటుకు కాదు, అంతే. అదే రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల ముసలి బొగ్గు యూనిట్ 2024లో కన్నుమూసింది. మీరు ఆ ఊళ్లోనే ఉండి పరామర్శకైనా వెళ్లలేదు. దాని చోట 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ పెట్టాలని ఆలోచన.

నిజానికి యూరియా చేయడం తప్పని నేనెలా అంటాను? అన్నం తింటున్నదాన్నే కదా. వంటిళ్లకు, ఆటోలకు మిమ్మల్ని ముందు పంపాలనడంలోనూ న్యాయం ఉంది. వరుసలో చివర నిలబెట్టాల్సిన కరెంటు కేంద్రాలకు ముందే పీటలు వేసి విస్తళ్లు పరిచినవాళ్లను అడగాలి. ఇక ద్రవంగా మారి ఓడల మీద విదేశాల నుంచి వచ్చే మీ తోబుట్టువు ఎల్‌ఎన్‌జీ సంగతా, ఆయన డాలర్లలో తప్ప మాట్లాడరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే ఆయన ధర విని ఇళ్లకు కరెంటు పంచే మా డిస్కంలు చెవులు మూసుకున్నాయి.

ఒక్క చోట మాత్రం ఎకసెక్కెం ఆపుతాను. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావిలో మీరు రాజేసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే కోనసీమలో, నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పగిలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. గ్యాస్ శుభ్రమైన ఇంధనమని ఎవరైనా అన్నప్పుడల్లా, ఆ పైపు పక్కన ఉన్నవాళ్లు ఆ మాటను ఎలా వింటారో అనుకుంటాను. మా బూడిద మెల్లగా చంపుతుంది కాబట్టి మేలని కాదు.

2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం పాత కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు. 1966 నుంచి 1978 దాకా ఒక్కొక్కటిగా లేచిన 720 మెగావాట్ల పాత యూనిట్లవి. నాన్న ఫోనులో వీడియో పెట్టి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు. ఎనిమిది టవర్లూ నడుం విరిగినట్టు కూలబడ్డాయి, లేచిన దుమ్ము తెర నిండా కమ్ముకుంది. ఏమంటారో అని చూస్తున్నాను. "కింద బేసిన్‌లో నీళ్లు ముందే తీసేసి ఉంటారులే" అని, వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టారు. వాటి బదులు అక్కడ ఏం వచ్చిందో ఆయనకు తెలుసు. 2018 చివర్లోనే 800 మెగావాట్ల యూనిట్ మొదలైంది. పాతదానికంటే తక్కువ బొగ్గుతో యూనిట్ కరెంటు ఇస్తుంది, మంచిదే. కానీ బొగ్గే.

మీరు అసలు పలకరని అనను. 2024 వేసవిలో ఎండలకు దేశం ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే, మే, జూన్ నెలల్లో గ్యాస్ కేంద్రాలన్నీ నడపాలని కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టంలోని సెక్షన్ చూపించి ఆదేశించింది. పెళ్లికి రాని బంధువును పోలీసుల చేత పిలిపించినట్టు. పగలు సౌరవిద్యుత్తు ఉంటోంది, సాయంత్రం ఏడింటికి దీపాలు వెలిగేవేళే అందరికీ ప్రాణం పోతోంది. చిటికెలో లేచే మీలాంటివాళ్ల అవసరం ఆ వేళకే. ఇప్పుడు ఆ పీట మీద బ్యాటరీని కూర్చోబెడతామంటున్నారు. ఆలోచించుకోండి.

ఇట్లు,
థర్మల్ కాలనీ పిల్ల

తా.క.: మా ఊళ్లోనూ పాత యూనిట్లు తీసేసి కొత్త బొగ్గు యూనిట్ పెట్టారు. బూడిద చాలా తగ్గిందని నాన్న లెక్కలతో సహా చెబుతారు. అమ్మ వింటుంది, విని, దండెం తుడుస్తుంది. గుడ్డ మునుపటంత నల్లబడటం లేదు. మీరు ఎప్పుడైనా వచ్చేట్టుంటే రెండు రోజుల ముందు కబురు చేయండి, ఆ గుడ్డ పారేయమని చెబుతాను.