రెండో నల్లగొండ టెక్నిక్

నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే వాడుతుంది. నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి, తేరనివ్వాలి, పైనున్న నీళ్ళు వంచుకోవాలి. ఇంత పేరొచ్చిన జిల్లా ఒక్క టెక్నిక్‌తో ఊరుకుంటుందా? పిల్లల నోట్లోంచి పండ్లు తీసేందుకు మనం రెండోది కూడా కనిపెట్టాం. పేటెంట్ తీసుకోలేదు గానీ, మా వాడకట్టులో ఇది అమలు కాని ఇల్లు లేదు.

దీనికి మూలసూత్రం ఒకటే. మా ఇంట్లో దాన్ని మా అమ్మ చెబుతుంది. "పాల పండ్లే గదరా, ఊడిపోయేటియే. వాటికి డాక్టరెందుకు?"

తిరుగులేని మాట. పాల పండ్లు ఇరవై. ఆరో నెల అటూ ఇటూగా రావడం మొదలుపెట్టి, పన్నెండేళ్ళ వయసుకల్లా దాదాపు అన్నీ ఊడతాయి. పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరేసే వస్తువుకు ఎవడైనా వేలు తగలేస్తాడా? ఈ న్యాయం పండ్ల దగ్గరే ఆగలేదు కూడా. వానకు కొట్టుకుపోయే రోడ్డే కదా అని కాంట్రాక్టరు తారు పలచగా పోస్తాడు. అయిదేళ్ళకు ఊడే పదవే కదా అని నాయకుడు మోరీ తీయించడు. ఇక ఇంటి పన్ను సంగతి చెప్పనక్కర్లేదు. వడ్డీ మాఫీ వచ్చేదాకా ఆగుదామని మేమే ఆగుతాం. పన్ను ఏదైనా మా ఓపిక ఒకటే.

టెక్నిక్‌లో మొదటి దశ ముడిసరుకు. ఒకప్పుడు దీన్ని కిరాణం షాపులే ఇంటింటికీ పంపేవి. చిల్లర లేదంటూ రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవారు. యూపీఐ వచ్చాక చిల్లర బాధ తీరింది, చాక్లెట్లూ తగ్గాయి. పిల్లల పండ్ల కోసం ఇంతకన్నా బాగా పనిచేసిన పథకం నాకు తెలిసి ఇంకోటి లేదు, ఆ ఉద్దేశంతో పెట్టింది కాకపోయినా. ఆ లోటును ఇప్పుడు చుట్టాలు పూడుస్తున్నారు. చెర్వుగట్టు జాతరకు పోయొచ్చిన వాళ్ళు, పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు, ఊరికే వచ్చిన వాళ్ళు, ఎవరూ ఖాళీ చేతుల్తో రారు.

ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. ఈ రహస్యం తెలియక కొందరు తల్లిదండ్రులు టెక్నిక్‌లో ఫెయిలవుతున్నారు. నోట్లో కాపురముండే సూక్ష్మజీవులు చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పన్ను పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. తర్వాత ఉమ్మి వచ్చి మరమ్మతు మొదలుపెడుతుంది, కానీ దానికి కనీసం అరగంటైనా పడుతుంది. అన్నంతోపాటు ఒక లడ్డూ తినేసి ఊరుకుంటే ఉమ్మి తన పని తాను చేసుకుపోతుంది. అందుకే మావాడికి ఆ అవకాశం ఇవ్వం. సాయంత్రం సీరియల్ మొదలైనప్పుడు నోట్లో పెట్టిన లాలీపాప్ రెండో సీరియల్ అయ్యేదాకా చప్పరిస్తాడు. ఆ వెనకే బిస్కెట్లు, ఆ వెనక చిప్స్ పొట్లం. చిప్స్‌లో తీపి లేదు కదా అని మా ఆవిడ వాదన. దవడ పన్ను సందులో అతుక్కున్న పిండి కూడా ఆ జీవులకు విందేనని తర్వాత తెలిసింది. చిన్నదానికి రెండేళ్ళు. అది చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుంది. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రి షిఫ్టులో మరమ్మతుకు మనుషులే ఉండరు. ఇక బ్రష్ అంటారా, పొద్దున బడి బస్సు హారన్ కొట్టేలోపు ఇరవై సెకన్లు. రాత్రి బ్రష్ చేసే వాళ్ళను మా బజారులో కాస్త అనుమానంగా చూస్తారు.

రెండో దశ వైద్యం. నొప్పి వస్తే లవంగం. తగ్గకపోతే జామాకు నీళ్ళు. అదీ కాకపోతే మా అమ్మ చిన్నప్పుడు అంగడిలో వాకుడు గింజల పొగ పట్టి పన్ను లోంచి పురుగులు రాల్చేవాళ్ళట. పురుగులు తన కళ్ళతో చూశానంటుంది. అవి పంటిలోంచి రాలాయా, గింజలోంచి రాలాయా అని మాత్రం ఆ అంగడిలో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇలా ఏ ఆటంకం లేకుండా నడుస్తున్న టెక్నిక్ మావాడి ఎనిమిదో ఏట దెబ్బతింది. కింది దవడ పన్నుకు గుంత పడి ఏడాది దాటింది. ఊడుతుందిలే అని ఇంటిల్లిపాదీ ఎదురు చూశాం. మా అమ్మ రోజూ వేలు పెట్టి కదిపి చూసేది. కదలదే! చివరికి ఒక రాత్రి నొప్పికి వాడు ఏడుపు ఆపకపోతే, పొద్దున్నే క్లాక్ టవర్ దగ్గర పండ్ల డాక్టరమ్మకు చూపించాం.

"ఇది పాల పన్ను కాదు," అంది ఆమె.

ఆరేళ్ళప్పుడు పాల పండ్ల వరస వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు శాశ్వత దవడ పండ్లు చప్పుడు లేకుండా వస్తాయట. ముందు ఏదీ రాలలేదు కాబట్టి అవీ పాలవేనని అందరూ అనుకుంటారట. అంటే అరవై ఏళ్ళ దాకా ఉండాల్సిన పన్ను ఊడిపోవాలని మేం ఏడాది పాటు మొక్కుకున్నాం. దాని వేర్లు కూడా ఇంకా పూర్తిగా కట్టలేదట. అందుకని నరం మొత్తం తీయకుండా పైభాగం వరకే తీసి, మందు పెట్టి, టోపీ తొడిగింది. మిగిలిన మూడింటి గాళ్ళలో తిండి ఇరుక్కోకుండా సీలెంట్ పూసింది. "ముందే వస్తే నాలుగింటికీ ఇదే సరిపోయేది," అని మామూలుగానే అంది. ఆ మామూలుగా అనడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పాల పండ్ల గురించి కూడా ఏదో చెప్పింది. అవి తర్వాత వచ్చే వాటికి జాగా పట్టి ఉంచుతాయట, ముందే పోతే పక్కవి ఒరిగి కొత్తవి వంకరగా వస్తాయట. బస్సు సీట్లో రుమాలు వేయడమన్న మాట. ఇంత సులువైన సంగతి మూలసూత్రంలో ఎందుకు లేదో.

చిన్నదానికి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమనగానే మా అమ్మ కుర్చీలోంచి లేచింది.

ఇక్కడ మాత్రం నవ్వడానికి ఏం లేదు. మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆమె పండ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. మా మేనమామ కాళ్ళు వంకరపోయి, నడుం వంగి, కట్టె పట్టుకుని నడిచాడు. "ఫ్లోరిన్‌తోనే మా బతుకులు ఆగమైనయి, మళ్ళ దాన్నే పోరి నోట్ల పెడతవా?" అని ఆమె అడిగితే జవాబు చెప్పడం కష్టం.

డాక్టరమ్మ చెప్పింది. ఓపిగ్గా, లెక్క వేసి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ ఊళ్ళలో 5 దాటిన బోర్లున్నాయి. అది రోజూ లీటర్ల కొద్దీ కడుపులోకి పోయింది. వెయ్యి పీపీఎం పేస్టు, అంటే కిలోకు వెయ్యి మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యం గింజంత తీసుకుంటే అందులో ఫ్లోరైడ్ మిల్లీగ్రాములో పదో వంతు ఉంటుంది. అది పంటి మీద పనిచేసేది, మింగేది కాదు. మీరు తాగిన నీళ్ళు ఒక్క లీటరు, ఈ పాప యాభై సార్లు తోముకునే పేస్టుకు సమానం అంది. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. ఉమ్మేయాలి, ఆ తర్వాత నీళ్ళతో పుక్కిలించకపోతే ఇంకా మంచిది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమాలి, రాత్రి తప్పకుండా.

మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తన వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. మనవరాలి పై పండ్లు ఒకసారి పెదవెత్తి చూసింది. తర్వాత డాక్టరమ్మను సూటిగా అడిగింది.

"బియ్యం గింజంత అంటే దొడ్డు బియ్యమా, సన్న బియ్యమా?"

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. ఆమెది మిర్యాలగూడ అట. నవ్వలేదు, కాసేపు నిజంగానే ఆలోచించింది.

"సన్నాలే అమ్మా," అంది.