జీఎస్టీ పోర్టల్ గారికి చీమకుర్తి నుంచి విజ్ఞాపన

మహారాజశ్రీ జీఎస్టీ పోర్టల్ గారి దివ్యసముఖమునకు,

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మెలు కోయించి, పలకలకు పాలిష్ పట్టించి అమ్ముకునే ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని వ్రాసుకొను విజ్ఞాపన. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమానికి ఏనాడూ లోటు ఉండదు గనుక అడగడం లేదు.

ముందుగా తమరి వల్ల జరిగిన మేలు చెప్పుకోవడం ధర్మం. 2017 జూలై 1కి ముందు మద్రాసు దారి పట్టిన లారీలు తడ దగ్గరి భీమునివారిపాలెం చెక్‌పోస్టులో పన్ను కాగితాల తనిఖీ కోసం బారులు తీరి నిలబడేవి. తమరు వచ్చాక ఆ తనిఖీ పోయింది, సరుకు వెంట ఉండవలసిన ఆన్‌లైన్ రవాణా పత్రం, ఈ-వే బిల్లు వచ్చింది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువిచ్చారు. దారిలో బండి చెడిపోతే ఆ గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిసిన ఎనిమిది గంటల దాకా పొడిగింపు అడగవచ్చని కూడా సెలవిచ్చారు. లారీ టైర్లకు ఈ సంగతి చెప్పే బాధ్యత మాది.

అసలు విషయానికి వస్తాను. తమరి పుట్టుకకు ముందు పెద్దలు మాకు చెప్పిన ఏర్పాటు చాలా అందమైనది. అమ్మినవాడు తన బిల్లులు ఒక రిటర్నులో, అంటే తమరికి సమర్పించే లెక్కల పత్రంలో ఎక్కిస్తాడు, కొన్నవాడు వాటిని రెండవ రిటర్నులో సరిచూసి ఔనంటాడు, ఆ రెంటినీ కంప్యూటరే పోల్చి మూడవదాన్ని తయారుచేసి పెడుతుంది. 2017 నవంబరు వచ్చేసరికి ఆ రెండవదాన్నీ మూడవదాన్నీ పక్కన పెట్టేశారు. మొదటి రెండు నెలలు గడవడానికని తెచ్చిన 3బీ, అంటే మొత్తాలు మాత్రమే చూపి పన్ను కట్టే క్లుప్తమైన రిటర్ను మాత్రం నేటికీ నెల నెలా మా చేత వేయించుకుంటూనే ఉంది. దేశమంతటి లెక్కలను ఒక్కచోట పోల్చవలసిన ఆ పని ఎవరి నెత్తిన పడిందో తమరికి తెలియకపోవచ్చు. మా గుమాస్తాకు బాగా తెలుసు.

మా యంత్రాలకు రంపపు బ్లేడ్లు సరఫరా చేసే ఒక వ్యాపారి ఉన్నాడు. పేరు చెప్పను, మంచివాడే. అతని దగ్గర రెండు లక్షల సరుకు కొని, దాని మీద 18 శాతం పన్ను 36,000 రూపాయలు బ్యాంకు ద్వారా అతని ఖాతాకు చెల్లించాను. మరుసటి నెల 11వ తేదీ లోపల అతను ఆ బిల్లును ఎక్కించాడు, 14న అది నా 2బీలో, అంటే నా కొనుగోళ్ల పన్నుతో తమరు తయారుచేసే జాబితాలో కనిపించింది, నేను క్రెడిట్ తీసుకున్నాను, అంటే నేను కట్టవలసిన పన్నులో ఆ 36,000 తగ్గించుకున్నాను. అయితే ఆ పెద్దమనిషి తన 3బీ మాత్రం వేయలేదు, అంటే నా దగ్గర వసూలు చేసిన పన్ను తమరికి చేర్చలేదు. ఫోను చేస్తే, "వేస్తాలేన్నా, యాడికి పోద్ది" అన్నాడు. ఆ మాట వింటూ వింటూ దసరా దాటింది.

చట్టం ఈ చిక్కుకు పరిష్కారం ముందే ఆలోచించి పెట్టింది. 16వ సెక్షను ప్రకారం అమ్మినవాడు పన్ను ప్రభుత్వానికి నిజంగా కడితేనే కొన్నవాడికి క్రెడిట్. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 లోపల అతను 3బీ వేయకపోతే, నవంబరు 30 లోపల నేను ఆ 36,000 తిరిగి కట్టాలని 37ఏ నిబంధన అంటుంది. పక్కింటివాడు శిస్తు ఎగ్గొడితే మన గేదెను తోలుకుపోయినట్టుంది ఈ వ్యవహారం. నేను గడువు తప్పితే ఏడాదికి 18 శాతం వడ్డీ. అతను ఎప్పటికో బుద్ధి తెచ్చుకుని కడితే నా క్రెడిట్ నాకు తిరిగి వస్తుంది గాని, అన్నాళ్లూ తమరి దగ్గర ఆగిపోయిన నా సొమ్ముకు వడ్డీ అన్న ఊసే లేదు. ఈ విషయంలో తమరిని మించిన వడ్డీ వ్యాపారి మా ఒంగోలు బజారులో కూడా లేడని మనవి.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది డబ్బు కాదు. అతను పన్ను కట్టలేదని తమరికి తెలుసు. ఏ నెల కట్టలేదో తెలుసు, అతని పాన్, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ తమరి దగ్గరే ఉన్నాయి. అతన్ని నోటీసులతో, జప్తులతో దారికి తెచ్చే అధికారం చట్టం తమరి అధికారులకే ఇచ్చింది. నా దగ్గర ఉన్నది అతని ఫోను నంబరు ఒక్కటే, దాన్ని కూడా ఈ మధ్య అతను ఎత్తడం మానేశాడు. అయినా వసూలు పని నాకే అప్పగించారు, జీతం బత్తెం లేకుండా.

కాబట్టి తమరి సముఖమునకు ఒకటే విన్నపం. వసూలు చేసిన పన్ను కట్టనివాడి మీదికి ముందు మీ అధికారులను పంపండి. అతని దగ్గర రాలేదని తేలాకే నా గుమ్మం తొక్కండి. అది కుదరదంటే నన్ను పన్నుల శాఖలో ఉద్యోగిగా నమోదు చేసి, ఒక గుర్తింపు కార్డూ, బ్లేడ్ల వ్యాపారి ఇంటి దాకా పోయి రావడానికి ప్రయాణ భత్యమూ మంజూరు చేయించ ప్రార్థన.

ఇట్లు,
37తో మొదలయ్యే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు గల
తమ విధేయుడు